కందెన కథ: ఖనిజ తైలమా, కృత్రిమ తైలమా?

గత సంక్రాంతి సంబరాలనాడు, భోజనాలు ముగిసి పిల్లల నాటిక మొదలు కావడానికి కొంత వ్యవధి ఉన్న సమయంలో, ఒక యువకుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఎం.ఎస్. చదువు కోసం ఒహాయో వచ్చి ఏడాదిన్నర అయినదట. చేతిలోని డబ్బంతా పోగుచేసి, పన్నెండేళ్ళు నడిచిన కారు ఒకటి కొన్నాడు. ఇంజన్ నూనె మార్పించడానికి వెళితే, "సింథటిక్ ఆయిలు వేయించకపోతే ఇంజన్ పాడైపోతుంది" అని దుకాణంవారు భయపెట్టి, మామూలు నూనెకు రెట్టింపు ధర అడిగారట. "అన్నగారూ, మీరు రసాయన శాస్త్రంలో పరిశోధన చేసినవారు. ఇందులో శాస్త్రమెంత, బేరమెంత? మీరే చెప్పండి" అన్నాడు.

ప్రశ్న చిన్నదే గాని సమాధానం చిన్నది కాదు. "రేపు ఉదయం కారు తీసుకొని మా ఇంటికి రావయ్యా" అని చెప్పి పంపాను. మర్నాడు అతనికి చెప్పిన విషయాలనే, మనలో చాలామందికి ఉపయోగపడతాయన్న ఉద్దేశంతో ఇక్కడ వివరిస్తున్నాను.

నూనె చేసే పని ఏమిటి?

ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాలిన గడ్డిమసి కలిపి పూయడం మన పల్లెల్లో పెరిగినవారు చూసే ఉంటారు. దానినే కందెన అంటాం. కందెన లేని బండి కిర్రుమంటుంది. కొన్నాళ్ళకు ఇరుసు అరిగిపోతుంది. కారు ఇంజన్‌లోనూ సూత్రం ఇదే. తిరిగే క్రాంక్ షాఫ్టుకు, దానిని మోసే బేరింగుకు మధ్య నూనె ఒక పలుచని పొరగా నిలిచి, లోహం లోహాన్ని తాకకుండా కాపాడుతుంది. ఈ పొర మందం మన తల వెంట్రుకలో పదోవంతు కూడా ఉండదు. ఆ పొర తెగిన క్షణం నుంచి అరుగుదల మొదలవుతుంది.

అయితే ఇంజన్ నూనె మీద ఇరుసు కందెనకు లేని బాధ్యతలు కూడా ఉన్నాయి. పిస్టన్ల వేడిని మోసుకుపోవాలి, మసిని తనలో కలుపుకొని ఎక్కడా పేరుకోనీయకూడదు, ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలను తటస్థీకరించాలి, తుప్పును నివారించాలి. పిస్టన్ వలయాల వద్ద ఉష్ణోగ్రత 200 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. జనవరి తెల్లవారుజామున ఇంజన్ తిప్పేటప్పుడు అదే నూనె సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉండవచ్చు. ఈ రెండు కొసల మధ్య ఒకే ద్రవం పనిచేయవలసి రావడమే అసలు సమస్య.

ఖనిజ తైలం: కలగూర గంప

మామూలు ఇంజన్ నూనెను ముడి చమురు నుంచి వేరు చేస్తారు. పెట్రోలు, డీజిలు ఆవిరిగా వెళ్ళిపోయిన తరువాత మిగిలే బరువైన భాగాన్ని శుద్ధిచేసి, మైనాన్ని, గంధక సమ్మేళనాలను వీలైనంత తొలగించి ఈ నూనెను తయారుచేస్తారు. ఎంత శుద్ధిచేసినా అది అనేక రకాల హైడ్రోకార్బన్ అణువుల మిశ్రమమే. కొన్ని తిన్నని గొలుసులు, కొన్ని కొమ్మలున్నవి, కొన్ని వలయాలు; కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి.

ఈ వైవిధ్యం వల్ల నష్టమేమిటో మన వంటింట్లోనే చూడవచ్చు. చలికాలంలో నెయ్యి ఒక్కసారిగా గడ్డకట్టదు, ముందు పూసకడుతుంది. నేతిలోని కొన్ని కొవ్వులు ఇతర కొవ్వులకంటే ముందుగా స్ఫటికాలుగా మారడమే దీనికి కారణం. ఖనిజ తైలంలో మిగిలిపోయిన మైనపు అణువులు కూడా తీవ్రమైన చలిలో ఇలాగే పూసకట్టి నూనె కదలికను అడ్డుకుంటాయి. రెండవ కొసన, చిన్న అణువులు వేడికి ఆవిరైపోతాయి. స్థిరత్వం తక్కువైన అణువులు ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా, మడ్డిగా మారతాయి.

కృత్రిమ తైలం: ఒకే అచ్చున పోసిన అణువులు

ఉన్నవాటిలోంచి మంచి అణువులను ఏరుకోవడానికి బదులు, కావలసిన అణువునే నిర్మించుకుంటే? కృత్రిమ తైలానికి మూలమైన ఆలోచన ఇదే. ఇథిలీన్ వాయువు నుంచి పది కర్బన పరమాణువులున్న డెసీన్ అనే పదార్థాన్ని తయారుచేస్తారు. ఉత్ప్రేరకం సహాయంతో మూడేసి, నాలుగేసి డెసీన్ అణువులను జతపరచి, ఆపైన హైడ్రోజన్‌తో సంతృప్తం చేస్తారు. ఇలా వచ్చినదే పాలీ ఆల్ఫా ఓలిఫిన్, క్లుప్తంగా పి.ఎ.ఓ. దాని అణువులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. మైనం ఉండదు, గంధకం ఉండదు. ఇథిలీన్ కూడా చమురు నుంచో, సహజ వాయువు నుంచో వచ్చేదే గనుక, కృత్రిమ తైలానికి భూగర్భంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు.

మరొక రకం కృత్రిమ తైలాలు ఎస్టర్లు. నేటి జెట్ విమానాల ఇంజన్లలో వాడేవి ఇవే. మన ఆముదం కూడా రసాయనికంగా ఎస్టరే. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల ఇంజన్లలో ఆముదాన్నే కందెనగా వాడారు. కాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి గల ఇంగ్లీషు పేరు నుంచి పుట్టినదే. ఆముదం పొర గట్టిది. కాని వేడికి త్వరగా ఆక్సీకరణం చెంది జిగురుగా మారుతుంది కనుక కారు ఇంజన్‌లో నిలువలేకపోయింది.

సామాన్యుల కార్లకు కృత్రిమ తైలం 1970లలో అందుబాటులోకి వచ్చింది. మోబిల్ 1 అమెరికా విపణిలో ప్రవేశించినది 1974లో. తరువాత శుద్ధి విధానాలు కూడా ఎంతో పురోగమించాయి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ మూల తైలాలను ఐదు గ్రూపులుగా విభజించింది. మొదటి రెండూ ఖనిజ తైలాలు. మూడవది కూడా ముడి చమురు నుంచి వచ్చినదే. కాని అధిక పీడనం వద్ద హైడ్రోజన్‌తో చర్య జరిపి, అణువుల ఆకృతినే మార్చివేస్తారు. నాలుగవది పి.ఎ.ఓ.; ఎస్టర్లు మొదలైనవి ఐదవది.

మూడవ గ్రూపు తైలాన్ని "సింథటిక్" అని పిలువవచ్చునా? 1990ల చివర కాస్ట్రాల్ సంస్థ అలా పిలువగా మోబిల్ సంస్థ అభ్యంతరం తెలిపింది. వాణిజ్య ప్రకటనలను విచారించే నేషనల్ అడ్వర్టయిజింగ్ డివిజన్ 1999లో కాస్ట్రాల్ పక్షాన అభిప్రాయం వెలువరించింది. అప్పటినుంచి అమెరికాలో సీసా మీద సింథటిక్ అని ఉన్నంత మాత్రాన లోపల పి.ఎ.ఓ. ఉన్నదని అర్థం కాదు. గ్రూపు 3 తైలం తక్కువదని కూడా కాదు. నేడు అమ్ముడుపోయే మేలైన నూనెలలో చాలావాటికి అదే ఆధారం. సీసా మీది ఆ ఒక్క మాట చూసి నూనెను ఎంచుకోరాదన్నదే ఇక్కడి పాఠం.

అంకెల అర్థం

మరి ఏమి చూడాలి? ముందుగా 5డబ్ల్యూ-30 వంటి అంకెలు. ద్రవం ప్రవహించడానికి చూపే నిరోధాన్ని స్నిగ్ధత అంటాం. తేనెకు ఎక్కువ, నీటికి తక్కువ. "డబ్ల్యూ" అంటే వింటర్, శీతాకాలం. 5డబ్ల్యూ నూనె స్నిగ్ధత సున్నాకు 30 డిగ్రీల దిగువన కూడా 6,600 సెంటీపాయిజ్‌లకు మించరాదు. గది ఉష్ణోగ్రత వద్ద నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీపాయిజ్. అంటే అంత చలిలో నూనె నీటికంటే ఆరువేల రెట్లకు పైగా చిక్కగా ఉన్నా, స్టార్టరు ఇంజన్‌ను తిప్పగలదన్నమాట. చివరి 30 అనేది వేడి మీద ఉన్న నూనెకు సంబంధించినది. 100 డిగ్రీల వద్ద దాని స్నిగ్ధత 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి.

5డబ్ల్యూ-30 నూనెను రెండు విధాలుగానూ చేయవచ్చు. ఖనిజ తైలంతో చేసేటప్పుడు, వేడికి మరీ పలచబడకుండా పొడవైన పాలిమర్ అణువులను ఎక్కువగా కలపవలసి వస్తుంది. ఇంజన్‌లో నలిగి ఈ పొడవైన అణువులు క్రమంగా తెగిపోతాయి, నూనె పలచబడుతుంది. మేలైన మూల తైలానికి ఈ ఊతం అంతగా అవసరం లేదు. 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 వంటి పలుచని నూనెలను కేవలం మామూలు ఖనిజ తైలంతో చేయడం ఆచరణలో సాధ్యం కాదు. అందువల్ల మీ కొత్త కారు మాన్యువల్‌లో ఆ అంకెలు ఉన్నట్లయితే మీకు ఈ చర్చే లేదు, సింథటిక్ వాడవలసినదే.

నూనె ఎందుకు చెడుతుంది?

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ క్రితం టర్బో ఇంజన్ ఉన్న కారు ఒకటి కొన్నాను. ఖరీదైన సింథటిక్ నూనె పోసి, సీసా మీద వ్రాసిన వేల మైళ్ళ హామీని నమ్మి, పద్నాలుగు నెలలపాటు దాని జోలికి వెళ్ళలేదు. నా ప్రయోగశాల ఇంటికి మూడే మైళ్ళు. ఒక శీతాకాలపు ఉదయం నూనె పోసే మూత తీసి చూస్తే, మూత అడుగున పసుపుపచ్చని మీగడ వంటి పదార్థం కనిపించింది. వసంతం వచ్చేసరికి ఇంజన్ నుంచి గలగలమనే శబ్దం మొదలైంది. మడ్డి చేరి నూనె దారులు మూసుకుపోయాయని, టైమింగ్ చెయిన్ మార్చాలని మెకానిక్ చెప్పాడు. నేను మిగుల్చుకున్నాననుకున్న నూనె ఖర్చుకు ఎన్నో రెట్లు చెల్లించుకున్నాను. డాక్టరేటు ఉన్నవాడికి తట్టని విషయం ఆ మెకానిక్ ఒక్క మాటలో చెప్పాడు: "మీ నూనె ఎన్నడూ వేడెక్కలేదు."

నిజమే. ఒక గ్యాలన్ పెట్రోలు మండితే దాదాపు ఒక గ్యాలన్ నీరు పుడుతుంది. అందులో కొంత పిస్టన్ల పక్కనుంచి దిగి నూనెలో చేరుతుంది. మండని ఇంధనం కూడా అంతే. చాలాసేపు నడిపితే నూనె వేడెక్కి ఇవి ఆవిరైపోతాయి. మూడేసి మైళ్ళ ప్రయాణాలలో ఆ అవకాశమే ఉండదు. నీరు, ఇంధనం, ఆమ్లాలు నూనెలో పోగవుతాయి. ఆమ్లాలను అణచడానికి కలిపిన క్షార పదార్థాలు, అరుగుదలను నివారించే జింకు సమ్మేళనాలు క్రమంగా ఖర్చయిపోతాయి. మూల తైలం ఎంత ఉత్తమమైనదైనా ఇవి ఖర్చు కాక మానవు. కృత్రిమ తైలం వేడికి, చలికి తట్టుకుంటుంది. మురికికి అతీతం కాదు. నేను మరచినది ఈ భేదాన్నే.

ఎంపిక ఎలా?

అన్నిటికంటే ముందు కారు మాన్యువల్ చూడాలి. అందులో చెప్పిన అంకెలు, ప్రమాణం ఉన్న నూనెనే వాడాలి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి వలయాకారపు గుర్తులో ఎస్.పి. అని గాని, 2025లో వచ్చిన ఎస్.క్యూ. అని గాని ఉంటే, అంతకుముందు ప్రమాణాలు కోరే పెట్రోలు కార్లకు కూడా అది పనికివస్తుంది. ఐరోపా కార్లకు తయారీదారుల ప్రత్యేక ఆమోదం ఉన్నదో లేదో చూడాలి.

మాన్యువల్ రెండింటినీ అనుమతిస్తే, టర్బో ఇంజన్ ఉన్నవారికి, తీవ్రమైన చలి ప్రాంతాలవారికి, బరువైన ట్రెయిలర్లు లాగేవారికి సింథటిక్ మేలు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2017లో ప్రకటించిన పరీక్షలలో సింథటిక్ నూనెలు మామూలు నూనెలకంటే సగటున 47 శాతం మెరుగైన ఫలితాలనిచ్చాయి. అదనపు ఖర్చు నెలకు సుమారు 5 డాలర్లని వారి అంచనా. ఇక సాధారణ వాతావరణంలో నడిచే టర్బో లేని పాత కారుకు, ప్రమాణానికి తగిన మామూలు నూనె సకాలంలో మారుస్తూ ఉంటే లోటేమీ లేదు.

ఒకసారి సింథటిక్ వాడితే మళ్ళీ మామూలు నూనెకు మారరాదన్నది అపోహ. అవసరమైతే రెండూ కలిపినా ప్రమాదం లేదు. నూనె నల్లబడినంత మాత్రాన చెడినట్లు కాదు. మసిని మోయడం దాని ధర్మం. ప్రతి 3,000 మైళ్ళకూ మార్చాలన్నది నేటి కార్లలో అధిక భాగానికి వర్తించని పాత మాట. మాన్యువల్‌లో చెప్పిన గడువును మైళ్ళతోపాటు నెలలలోనూ గుర్తుంచుకోవాలి. అన్నీ పొట్టి ప్రయాణాలే అయితే, తీవ్ర వినియోగానికి చెప్పిన తక్కువ గడువును పాటించాలి.

మర్నాడు ఆ యువకుడు కారు తెచ్చాడు. మాన్యువల్ తీసి చూశాం. 5డబ్ల్యూ-30, టర్బో లేదు, మామూలు నూనెకు అభ్యంతరం లేదు. "అయితే దుకాణంవారు చెప్పినది అబద్ధమేనా అండీ?" అని అడిగాడు. "సింథటిక్ మంచిదన్నది నిజం. అది లేకపోతే నీ ఇంజన్ పాడవుతుందన్నది నిజం కాదు" అన్నాను. ఆ తరువాత డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్ళీ ముంచి పైకి తీశాం. కొసన చిన్న చుక్క తప్ప నూనె కింది గీతను కూడా అందుకోలేదు. కారు కొన్నది మొదలు అతడు ఒక్కసారైనా ఆ కడ్డీని తీసి చూడలేదట.

ఏ నూనె మంచిదని మేమిద్దరం ముందురోజు సాయంత్రం నుంచి ఆలోచిస్తూ ఉండగా, ఆ ఇంజన్ దాదాపు ఏ నూనే లేకుండా నడుస్తున్నది. అతని కారును కదిలించకుండా, నా కారులో వెళ్ళి రెండు సీసాలు కొని తెచ్చాం. మామూలు నూనే కొన్నాం. పోసి, కొలత సరిచూసిన తరువాతనే అతడు ఇంటికి బయలుదేరాడు. ఇప్పుడు నెలకొకసారి డిప్‌స్టిక్ చూసి నాకు ఫోన్ చేస్తున్నాడు. ఈ వ్యాసం చదివిన వారు కూడా, సింథటిక్ సంగతి తేల్చుకునే ముందు, ఈ సాయంత్రమే ఒక్కసారి ఆ కడ్డీని తీసి చూడవలసినదిగా కోరుతున్నాను.