ఆటలో అంగడి... అంగడిలో ఆశీలు!

హనుమాన్ జంక్షన్ అనగానే మీలో చాలామందికి అర్జున్, జగపతిబాబు, వేణు కలిసి నటించిన 2001 నాటి సినిమాయే గుర్తుకొస్తుంది. అసలు జంక్షన్ బాపులపాడు మండలంలో ఉంది. అక్కడ బస్సు దిగి నూజివీడు దారి పట్టారంటే ఇక మామిడి తోటలే తోటలు! కాపు రోజుల్లో ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా కాయ ధర, కమీషను, తరుగు... ఈ మాటలే చెవిన పడతాయి. మొన్నటి వేసవిలో ఒక బడ్డీ దగ్గర ఇవే మాటలు ఇంకో సరుకు గురించి విన్నాను. ఆ సరుకు పేరు చెబితే నవ్వకండేం! తుపాకీ మీద రంగు.

మాట్లాడుతున్నది డిగ్రీ చదివే కుర్రాడు. వాళ్ళ నాన్న తోట కౌలుకు చేస్తాడు. కుర్రాడు కంప్యూటర్లో ‘కౌంటర్ స్ట్రైక్’ ఆడతాడు. అందులో తుపాకులకు తొడిగే రంగురంగుల ‘స్కిన్’లను ఆటగాళ్ళే ఒకరికొకరు అమ్ముకునే అంగడి ఒకటుంది. దాని పేరు స్టీమ్ మార్కెట్. 2012 డిసెంబరులో తెరిచారు.

“పదకొండొందల యాభైకి అమ్మానన్నా. నాకు వెయ్యే పడింది. నూట యాభై ఎవడు తిన్నట్టు?” అన్నాడు.

మంచి ప్రశ్నే! జవాబు చెప్పాలంటే ముందు మన సంతకు వెళ్ళాలి. పల్లె సంతలో బుట్ట దించితే చాలు, ఆశీలు వసూలు చేసేవాడు వచ్చి నిలబడతాడు. సరుకు అమ్ముడుపోయిందా, వెనక్కి మోసుకెళ్ళారా అన్నది వాడికి అనవసరం. చోటుకు డబ్బు కట్టాల్సిందే. కమీషను సంగతి అలా కాదు, బేరం కుదిరితేనే కోత. ఆటల అంగళ్ళలోనూ ఈ రెండూ ఉన్నాయి. మన కుర్రకారు రెంటినీ ఒకటే అనుకుని తికమక పడుతున్నారు.

స్టీమ్‌లో ఆశీలు లేదు. సరుకు ఊరికే పెట్టుకోవచ్చు. అమ్ముడైతే మాత్రం అమ్మినవాడికి దక్కే ధర మీద అంగడి వాటా 5 శాతం, ఆట వాటా 10 శాతం కలిపి కొన్నవాడి దగ్గర తీసుకుంటారు. కుర్రాడి వెయ్యి మీద యాభై, వంద... నూట యాభై లెక్క తేలిందా? ఇందులో తమాషా ఏమిటంటే, అంగడీ వాల్వ్ కంపెనీదే, ఆటా వాల్వ్ కంపెనీదే. జేబులు రెండైనా చొక్కా ఒకటే!

అసలు ఆశీలు చూడాలంటే 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో చూడాలి. అక్కడి వేలంపాటలో సరుకు పెట్టాలంటే ముందు ధరావతు కట్టాలి. పన్నెండు గంటలా, ఇరవై నాలుగా, నలభై ఎనిమిదా... ఎంత ఎక్కువసేపు ఉంచితే అంత ఎక్కువ. అమ్ముడైతే ధరావతు వెనక్కిచ్చి, ధరలో 5 శాతం కోస్తారు. అమ్ముడుపోకపోతే ధరావతు గోవిందా! ఇది అన్యాయం కాదా అని మీరు అడగొచ్చు. నాకైతే కాదనే అనిపిస్తుంది. ఆ రుసుమే లేకపోతే ప్రతివాడూ చెత్తా చెదారం తెచ్చి, నోటికొచ్చిన ధర రాసి, రోజుల తరబడి అంగడి నింపేస్తాడు. పనికొచ్చే సరుకు వెతుక్కోవడానికే సగం రాత్రి పోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. అది ఇంకా గట్టిది. ఆటలో రాక్షసుణ్ణి చంపినప్పుడల్లా కొత్త బంగారం పుడుతుంది. లక్షలమంది చంపుతూ పోతే బంగారం కుప్పలు పడి ధరలు ఆకాశానికెక్కుతాయి. అందుకని రుసుం కింద వచ్చిన బంగారాన్ని ఎవరి ఇనప్పెట్టెలోనూ వెయ్యరు. మాయం చేసేస్తారు! ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ వాళ్ళు 2021 డిసెంబరులో అమ్మకాల మీద 1 శాతం పన్ను పెట్టి, 2025 మేలో దాన్ని 2 శాతం చేశారు. ఆ పన్నులో కొంత భాగంతో ఆటగాళ్ళ దగ్గర సరుకు కొని, దాన్ని కూడా రూపుమాపుతారు. పన్ను కట్టడానికి గొణిగినవాళ్ళు సైతం తమ సరుకు ధర నిలబడ్డందుకు సంతోషించాల్సిందే కదా.

సరే, మన కుర్రాడి దగ్గరకు వద్దాం. అతనికి పరీక్ష ఫీజుకు డబ్బు కావాలి. స్టీమ్‌లో పడిన వెయ్యి బ్యాంకుకు రాదు. ఆ డబ్బుతో అక్కడే ఆటలో, స్కిన్‌లో కొనుక్కోవాలి తప్ప బయటికి తీసే దారి లేదు. పక్కనే కూర్చుని టీ తాగుతున్న వాళ్ళ నాన్న ఈ మాట విని గ్లాసు కింద పెట్టాడు. “మా మార్కెట్లో అయినా కమీషను పోను మిగిలింది జేబులో పడుద్ది గదండీ!” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కుర్రాడి దగ్గర ఇంకో స్కిన్ ఉంది. దాన్ని ఎవరో ముఖం తెలియనివాడు అడుగుతున్నాడట. “ముందు స్కిన్ పంపు, ఫోన్లో డబ్బు కొడతా” అన్నాడట. “వద్దు తమ్ముడూ” అన్నాను. అంగడి బయట నోటిమాట మీద జరిగే బేరానికి హామీ ఎవరూ ఉండరు. ఈ ఆటలో చేతులు మారిన సరుకు ఏడు రోజులపాటు మళ్ళీ చేతులు మారకూడదని 2018లో నిబంధన పెట్టారు. 2025 జులై నుంచి ఆ ఏడు రోజుల్లోపు మార్పిడిని రద్దు చేసుకునే వీలు కూడా ఇచ్చారు. కానీ రద్దు చేస్తే ఆ వారంలో చేసిన మార్పిళ్ళన్నీ రద్దవుతాయి. పైగా ముప్ఫై రోజులు బేరాలు బంద్! బ్లాకులో టిక్కెట్టు కొనేవాళ్ళు ఇది కూడా గమనించాలి. డబ్బిచ్చి స్కిన్ తీసుకున్నా, అమ్మినవాడు వారంలోగా వెనక్కి లాక్కోవచ్చు. ‘బీజీఎంఐ’ ఆడేవాళ్ళకయితే ఇలాంటి అంగడే లేదు. ఖాతా అమ్మడమే నిబంధనలకు విరుద్ధం. కుర్రాడు ఆ స్కిన్ పంపలేదు. కాయ అమ్మాక ఫీజు తనే కడతానన్నాడు నాన్న.

నిజమైన డబ్బు చేతికిచ్చిన అంగడి అసలు లేకపోలేదు. 2012 జూన్‌లో ‘డయాబ్లో 3’ వాళ్ళు డాలర్ల వేలం తెరిచారు. పది డాలర్లకు కత్తి అమ్మితే ఒక డాలరు కోత. మిగిలిన తొమ్మిదీ బయటికి తీసుకుంటే ఇంకో 15 శాతం. చేతికొచ్చేది ఏడు డాలర్ల అరవై అయిదు సెంట్లు. కోత సంగతి అలా ఉంచి, అసలు ఆటే చప్పబడిపోయింది. రాక్షసుల్ని చంపి ఆయుధం సంపాదించాల్సినవాళ్ళు అంగట్లో కొనేసుకుంటే ఇక ఆడేదేముంది? 2014 మార్చి 18న కంపెనీయే తాళం వేసింది.

కోత శాతాల కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే ఉంది. మార్కెట్టులో తరుగు ఎక్కువైతే రైతు నలుగురిని కూడగట్టి రోడ్డెక్కుతాడు. ఆటల అంగట్లో చట్టం రాసేదీ, తీర్పు చెప్పేదీ, సరుకు పుట్టించేదీ ఒకే కంపెనీ. 2025 అక్టోబరు 22న కౌంటర్ స్ట్రైక్‌లో ఒక నిబంధన మారింది. అయిదు ఎర్రరకం స్కిన్‌లు ఇస్తే ఒక కత్తో, చేతి తొడుగులో పుచ్చుకోవచ్చన్నారు. అంతే! ఏళ్ళ తరబడి అపురూపమని దాచుకున్న కత్తుల ధరలు దబ్బున పడ్డాయి. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోని ఎర్ర తుపాకులకు గిరాకీ లేచింది. ఆ మార్పు గురించి కత్తులు దాచుకున్నవాళ్ళను ముందుగా ఎవరూ అడగలేదు.