దగ్గులో దొరికిన గొంతు

మీ గొంతు ఇంత గంభీరంగా ఉంటుంది, పుట్టుకతో వచ్చిందా అని నన్ను చాలామంది అడుగుతూ ఉంటారు. కాదండి. ఈ గొంతు నాకు 22వ ఏట వచ్చింది. వచ్చింది అనడం కంటే నేర్చుకున్నాను అనడం సరి. ఈ రోజు ఆ సంగతే చెబుతాను.

అంతకుముందు నాది పదేళ్ల పిల్లాడి గొంతు. మీసాలొచ్చాయి, ఒడ్డూ పొడుగూ వచ్చింది, గొంతు మాత్రం కిందికి దిగలేదు. గ్యాస్ బుక్ చేయడానికి ఫోన్ చేస్తే "చెప్పండి మేడమ్" అనేవాళ్లు. ఇంకా బాధ కాలేజీలో. అటెండెన్స్ పిలిచినప్పుడు నేను "ప్రెజెంట్ సార్" అంటే వెనక బెంచీలు మొత్తం నన్ను అనుకరించేవి. అందుకని పలకడం మానేశాను. క్లాసులోనే కూర్చుని ఆబ్సెంట్ వేయించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను! చివరికి అటెండెన్స్ చాలక కండొనేషన్ ఫీజు కట్టాం. ఎందుకు కట్టాల్సి వచ్చిందో నాన్నకి చెప్పలేకపోయాను.

ఇంట్లో వైద్యాలు అన్నీ అయ్యాయి. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను, మిరియాల కషాయం తాగాను, పచ్చి గుడ్లు మింగాను. తర్వాత తెలిసింది ఏంటంటే, మనం మింగినదేదీ స్వరతంత్రులకి తగలనే తగలదు. అవి గాలి గొట్టం పైన ఉంటాయి. గుటక వేసేటప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. పొరపాటున ఒక్క చుక్క అటు వెళ్తే ఏమవుతుంది? పొలమారుతుంది. కాబట్టి కషాయం గొంతుకి హాయిగా ఉండొచ్చు గానీ, సన్న గొంతుని లావు గొంతు చేయలేదు.

ఆఖరికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. సన్నటి కెమెరా పెట్టి చూసి, "స్వరపేటిక బాగా పెరిగింది, లోపమేమీ లేదు" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. రోగం లేకపోతే మందెక్కడిది? ఆయన నన్ను స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ నన్ను మాట్లాడమనలేదు. "ఒకసారి గట్టిగా దగ్గు బాబూ" అన్నారు. దగ్గాను. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించి, "ఈ దగ్గు ఎవరిది?" అని అడిగారు. అది మగవాడి దగ్గు. అచ్చం మా నాన్న దగ్గు!

దీన్ని ప్యూబర్‌ఫోనియా అంటారు. ఎదిగే వయసులో మగపిల్లల స్వరపేటిక పెద్దదై కిందికి జరుగుతుంది, స్వరతంత్రులు పొడుగై మందమవుతాయి. చిన్నప్పుడు సెకనుకి 250 సార్లకి పైగా కంపించేవి, పెద్దయ్యాక 100 నుంచి 130 మధ్యకి వస్తాయి. హార్మోనియం మీద పై 'స' నుంచి కింది 'స'కి దిగినట్టన్నమాట. నాలాంటి వాళ్లలో వాయిద్యం మారింది గానీ వాయించే అలవాటు మారలేదు. మాట్లాడబోతే చాలు, స్వరపేటిక పైకి లాక్కుంటుంది. తంత్రులు సాగి సన్నబడి, అంచులు మాత్రమే కదులుతాయి. దగ్గు మనం ఆలోచించి తెచ్చుకునేది కాదు కదా, అందుకని అక్కడ ఈ అలవాటు పనిచేయదు. అసలు గొంతు బయటపడుతుంది.

సాధన కూడా ఆ దగ్గు నుంచే మొదలైంది. దగ్గి, ఆ చివరి శబ్దాన్ని వదలకుండా "ఆ..." అని సాగదీయాలి. మొదట్లో రెండు సెకన్లకే జారి పైకి పోయేది. ఆవిడ గొంతు ముందున్న ముడి మీద వేలు పెట్టి మెల్లగా కిందికి నొక్కి పట్టేవారు (ఇది మీరు సొంతంగా చేయకండి, దయచేసి). తర్వాత నోరు మూసి "మ్..." అని కూనిరాగం, అందులోంచి మామ, మేనమామ, మామిడి. ఆ తర్వాత వాక్యాలు, పేపరు చదవడం. వారంలోపే ఆ గదిలో నా కొత్త గొంతు నిలబడింది.

గది దాటించడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. అసలు కష్టం అక్కడే. గుమ్మం ఎక్కగానే పాత గొంతు వచ్చేసేది. కొత్త గొంతుతో మాట్లాడితే ఎవరినో అనుకరిస్తున్నట్టు, అబద్ధం ఆడుతున్నట్టు ఉండేది. ఆవిడ ఒక ఉపాయం చెప్పారు. ముందు ముక్కూమొహం తెలియనివాళ్లతో మొదలుపెట్టమన్నారు. ఆటో అతను, టీ కొట్టు, బస్సులో పక్క సీటు. వాళ్లకి మన పాత గొంతు తెలియదు కదా! తర్వాత స్నేహితులు, ఇంట్లోవాళ్లు అందరికంటే చివర. మొదటిసారి అమ్మకి ఫోన్ చేసి కొత్త గొంతుతో "అమ్మా, తిన్నావా?" అంటే, అటునుంచి "ఎవరండీ మీరు?" అంది. ఆ పూట నేను మళ్లీ పాత గొంతులోకి దిగిపోయాను. కంగారు పెట్టడం ఇష్టం లేక. మర్నాడు ఎదురుగా కూర్చుని చెప్పాను.

ఒక్క మాట. 13, 14 ఏళ్ల పిల్లలకి గొంతు ఇంకా మారుతూ ఉంటుంది, తొందరపడకండి. మీసాలు, ఎత్తు లాంటి మార్పులు కూడా రాకపోతే అది హార్మోన్ల సంగతి కావొచ్చు, డాక్టర్‌కి చూపించాలి. వినికిడి లోపం వల్ల కూడా గొంతు ఇలా ఉండిపోవచ్చు. థెరపీతో కుదరనివాళ్లకి ఆపరేషన్ కూడా ఉంది, కానీ అది చివరి మాట. సినిమా హీరోలాగా బలవంతంగా గొంతు అదిమి మాట్లాడితే మాత్రం బొంగురుపోవడం తప్ప ఏమీ రాదు.

మీ ఇంట్లో ఇలాంటి అబ్బాయి ఉంటే, ముందు వాడి దగ్గు వినండి. తర్వాత ఈఎన్‌టీకి చూపించి, స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో టీచర్ల గొంతు ఎందుకు పోతుందో మాట్లాడుకుందాం. ఉంటానండి, నమస్కారం.