గోళ్లు పెట్టడం ఈజీ.. తీయడంలోనే ఉంది అసలు పని!

శని, ఆదివారాలు పెళ్లి, సోమవారం మళ్లీ కీబోర్డ్. ఈ రెండు రోజుల ముచ్చటకి జెల్‌తో అతికించే టిప్స్ చాలు. మీ గోరు వెడల్పుకు సరిపోయేవే ఎంచుకుని, పొట్టిగా ఫైల్ చేసి, లేత గులాబీ జెల్ పాలిష్ వేస్తే సొంత గోళ్లే అనుకుంటారు. టిప్స్ పారదర్శకంగా ఉండాలి. ల్యాంప్ వెలుగు లోపలికి వెళ్తేనే కింద జెల్ గట్టిపడుతుంది. చర్మానికి అంటిన జెల్‌ని ల్యాంప్‌లో పెట్టకముందే తుడిచేయండి. గట్టిపడని జెల్‌తో వచ్చే అలర్జీ జీవితాంతం వదలకపోవచ్చు.

ఇక తీసేటప్పుడు పీకొద్దు, గోటి పొరలూ లేచిపోతాయి. పైపొరను ఫైల్‌తో అరగదీసి, అసిటోన్‌లో తడిపిన దూది చుట్టి 15–20 నిమిషాలు ఆగండి. గోరు నెలకి పెరిగేది సుమారు 3 మిల్లీమీటర్లే. నిమిషం తొందరపడితే నెలలు ఆగాలి మరి!