బడిలో కుట్లు, అల్లికలు

సూదిలో దారము ఎక్కించుట చిన్న పని. ఆ పనిని బడిలో నేర్పవలెనా, ఇంటికే వదలవలెనా అన్నది మాత్రము చిన్న ప్రశ్న కాదు. కృష్ణాతీరమున ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది.

1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువు సరసన చేతిపనికి పీట వేసినది. కోపల్లె హనుమంతరావుగారు, ఆయన సహచరులు చేతికి పని నేర్పని విద్యను సగము విద్యగానే ఎంచిరి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘము దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించినది. 1937లో వార్ధాలో రూపు దిద్దుకొన్న బేసిక్ విద్యావిధానము వడకుటను పాఠములోనికే తెచ్చినది. తకిలి బాలబాలికలిరువురి చేతికిని వచ్చినది.

ఆ తకిలిలోని శాస్త్రమేమి? దూది పోగులు పొట్టివి. ఏకును ఊరక లాగినచో జారి విడిపోవును. తిరుగుచున్న కదురు వానికి పురి ఎక్కించును. పురి ఎక్కిన కొలది పోగులు ఒకదానినొకటి ఒత్తుకొనును. ఆ ఒరపిడియే దారమునకు బలము. పురి చాలనిచో దారము తెగును, మించినచో మెలిపడును.

నేతలో పడుగు వేరు, పేక వేరు. అల్లికలో ఒకే పోగు ఉచ్చు నుండి ఉచ్చునకు సాగును. అందుచేతనే స్వెట్టరు లాగినపుడు సాగి, విడిచినపుడు ముడుచుకొనును. రెండు సూదుల అల్లికలో వరుస ఉచ్చులన్నియు సూదిమీదనే నిలుచును. కొక్కెపు సూదితో అల్లు లేసులో సాధారణముగా ఒక్క ఉచ్చే మిగులును. కనుక తప్పు విప్పి దిద్దుకొనుట పిల్లలకు సులభము. ఇక 10 సెంటీమీటర్లకు 20 ఉచ్చులు వచ్చినచో, 35 సెంటీమీటర్ల వెడల్పునకు 70 కావలెను. త్రైరాశికము ఇక్కడ వ్రేళ్లకే అర్థమగును.

అయితే పనితనము నేర్చిన చాలునా? మన పొరుగున ఉన్న నరసాపురము ఇందుకు సాక్షి. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు అక్కడి స్త్రీలకు నేర్పిన లేసు విదేశములకు ఎగుమతి అయినది. కాని అల్లినవారి శ్రమ తీరిక వేళల కాలక్షేపముగా లెక్కకు వచ్చి, కూలి అల్పముగనే నిలిచినదని 1982లో మరియా మీస్ తన గ్రంథమున చూపినది. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు వచ్చినంతనే ధర రాదు.

కనుక బడిలో నమూనాలు కుట్టించుటతో ఆగరాదు. ఎంత దారము పట్టినది, ఎన్ని గంటలు పట్టినవి, గంటకు ఏమి గిట్టినది, ఈ మూడును పిల్లలచేత పుస్తకమున వ్రాయించవలెను. మగపిల్లలకును కాజా కుట్టుట, బొత్తాము వేయుట రావలెను. చేసి చూచినవారికే ఆ శ్రమ విలువ తెలియును. 2020 జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల పిల్లలకు 10 దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తులవారి వద్ద పని నేర్చుకొను ఏర్పాటును సూచించినది. ఆ పది దినములలో ఒక దినమైనను లేసు అల్లు తల్లులను గురువులుగా బడికి పిలువవలెను. వారి పనిని కాలక్షేపమని పిల్లలు ఇక అనరు.