తిరగడం మానేసిన డిస్క్

ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్‌ను రిపేరు షాపుకు తీసుకెళ్తే ఇప్పుడు వినపడే సలహా ఒకటే: ‘హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి, విండోస్ అందులోకి ఎక్కించేస్తాం.’ చాలావరకు మంచి సలహానే. ప్రాసెసర్ మారదు, ర్యామ్ మారదు, అయినా బండి లేచి పరిగెడుతుంది. ఇన్నాళ్లూ దాన్ని పట్టి ఆపింది ఏమిటో తెలియాలంటే 1956కు వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికాలో ఐబీఎం సంస్థ ర్యామాక్ అనే కంప్యూటర్‌ను ప్రకటించింది. దాని డిస్క్ యూనిట్ బరువు దాదాపు టన్ను. 24 అంగుళాల పళ్లేలు 50, ఒకే ఇరుసు మీద నిమిషానికి 1200 సార్లు తిరిగేవి. పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక మంచి ఫొటోకు అది చాలకపోవచ్చు. కావలసిన చోటు దొరకడానికి సుమారు 0.6 సెకను పట్టేది. పంచ్ కార్డుల కట్టలు తిరగేసేవాళ్లకు అదే మహాద్భుతం.

తర్వాతి యాభై ఏళ్లలో డిస్క్ సామర్థ్యం లక్షల రెట్లు పెరిగింది. వెతికే వేగం మాత్రం యాభై రెట్లు పెరిగిందంటే గొప్ప. కారణం ఇంజనీర్ల బద్ధకం కాదు, ఇనుము స్వభావం. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన డేటా ఉన్న ముక్క, అంటే సెక్టార్, చదివే హెడ్ కిందికి రావాలంటే సగటున అందులో సగం ఆగాలి. అంతకుముందు హెడ్ సరైన వరుస మీదికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. వెరసి సెకనుకు ఎనభై చోట్లకు మించి చూడలేదు. సినిమా ఫైలుకు ఇది చాలు, అది చాలావరకు ఒకే వరసన ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు. అది లేవాలంటే డిస్క్ నలుమూలలా చెదిరి ఉన్న వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లను తడమాలి. ఎస్‌ఎస్‌డీకి ముందుగా మార్చవలసింది సినిమాలను కాదు, ఓఎస్‌నే అనడం అందుకే. అక్కడ ఒక్కో వెతుకులాటకు 0.1 మిల్లీసెకను పడితే ఎక్కువ.

ఆ ఎస్‌ఎస్‌డీ వంశం వేరు. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ కలిసి ట్రాన్సిస్టర్ లోపల చుట్టూ విద్యుత్ బంధకం ఉన్న ఒక గేటును ఊహించారు. అందులోకి చేరిన ఎలక్ట్రాన్లు కరెంటు పోయినా అక్కడే ఉండిపోతాయి. దాని ఆధారంగా 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ చేసిన చిప్‌ను చెరపాలంటే అతినీలలోహిత కాంతిలో పెట్టాల్సి వచ్చేది. తోషిబాలో ఫుజియో మసువోకా చేసినదానికి ఆ బెడద లేదు. విద్యుత్తుతోనే ఒక్క విడతలో చెరిగే ఫ్లాష్ మెమరీని 1984లో, ఎస్‌ఎస్‌డీలకు ప్రాణమైన నాండ్ రకాన్ని 1987లో ప్రపంచం ముందుంచాడు. తన ప్రతిఫలం కోసం ఆయన చివరికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2006లో 8.7 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉన్న వస్తువుకు అది దక్షిణ కూడా కాదు.

అయితే ఫ్లాష్ చిప్‌కు డిస్క్ లక్షణాలేవీ లేవు. పలక మీద ఒక్క అక్షరం తప్పు పోయినా మొత్తం తుడిచి రాయాల్సిందే అన్నట్టుంటుంది దాని వ్యవహారం. రాయడం కొద్ది కిలోబైట్ల పేజీల్లో, చెరపడం మాత్రం వందల పేజీలున్న బ్లాకుల్లో. పైగా చెరిపి రాసిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. దీన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌కు తగిలిస్తే ఏ ఓఎస్ భరిస్తుంది? అందుకే ఎస్‌ఎస్‌డీలో ఒక కంట్రోలర్ కూర్చుని అనుక్షణం అబద్ధమాడుతుంది. ఓఎస్ ‘వెయ్యో సెక్టార్‌లో రాయి’ అంటుంది. కంట్రోలర్ ఎక్కడ ఖాళీ ఉంటే, ఏది తక్కువ అరిగితే అక్కడ రాసి, తన పట్టికలో దానికి వెయ్యి అని పేరు పెట్టుకుంటుంది. 1991లో శాన్‌డిస్క్ ఐబీఎం కోసం చేసిన 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీ హార్డ్ డిస్క్ వేషంలోనే వచ్చింది. దాని ధర దాదాపు వెయ్యి డాలర్లు. నా దృష్టిలో ఎస్‌ఎస్‌డీని గెలిపించింది వేగం ఎంతో ఈ వేషమూ అంతే.

షాపులో చేసే క్లోనింగ్ కూడా ఈ అబద్ధం పుణ్యమే. పాత సెక్టార్లను అవే నంబర్లతో కొత్తదానిలోకి దించుతారు. ఓఎస్‌కు తాను మారిన సంగతే తెలియదు. చిక్కులు మాత్రం ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేది. అది ఫ్లాష్ పేజీల అంచులతో కలవదు, ఒక్క పేజీ రాత రెండు పేజీల మీద పడుతుంది. విస్టా నుంచి ఒక మెగాబైట్ దగ్గర మొదలుపెట్టడంతో ఆ బాధ పోయింది. క్లోన్ చేశాక రెండు డిస్క్‌లకూ ఒకే గుర్తు ఉంటుంది కాబట్టి, మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాతదాని వైరు పీకేయాలి.

ఓఎస్‌కూ కొంత బుద్ధి రావలసి వచ్చింది. ఫైలు డిలీట్ చేస్తే ఓఎస్ తన జాబితాలో కొట్టేసుకుంటుందే కానీ డిస్క్‌కు చెప్పదు. తిరిగే డిస్క్‌కు దానివల్ల నష్టం లేదు. ఎస్‌ఎస్‌డీ మాత్రం ఆ చచ్చిన డేటాను బతికున్నదనుకుని బ్లాకు నుంచి బ్లాకుకు మోస్తూ అరుగుతుంది. ఆ కబురు అందించే ట్రిమ్ ఆదేశం 2009లో విండోస్ 7తో, మరుసటి ఏడాది లినక్స్ 2.6.33తో వచ్చింది. చెదిరిన ఫైలు ముక్కలను ఒక వరసన పేర్చే డీఫ్రాగ్ అనే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇలాంటి డ్రైవ్‌ల కోసమే చేసిన 2011 నాటి ఎన్‌వీఎంఈ ప్రమాణంతో ఆ హార్డ్ డిస్క్ వేషంలో కొంత తీసేశారు. విండోస్ 7ను అలాంటి డ్రైవ్‌లోకి నేరుగా క్లోన్ చేస్తే తగిన డ్రైవర్ లేక బూట్ కాదు.

పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే పారేయకండి. బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఏడాది పాటు డేటా నిలిపితే చాలన్నది మామూలు వాడకానికి పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన మే నెలలో బీరువాలో ఎంత వేడి ఉంటుందో తెలిసిందే. పెళ్లి వీడియోల నకలు యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టిన ఆ పాత డిస్క్‌లోనూ ఒకటి ఉంచి, అప్పుడప్పుడు తగిలించి చూసుకోండి.