వెన్న పరీక్ష పరికరాల శుభ్రత - సరైన ధరకు ఆధారం

పాల సంఘంలో సభ్యునికి ముట్టే ధర పాల కొలతతోపాటు వెన్న శాతాన్ని బట్టి కూడా నిర్ణయమవుతుంది. ఆ శాతాన్ని చెప్పే గాజు పరికరాలు మురికిగా ఉంటే, పాలు ఎంత మంచివైనా లెక్క తప్పుతుంది. పూటకు 5 కిలోల పాలు పోసే సభ్యునికి 0.2 శాతం తక్కువ పడిందనుకోండి. పూటకు 10 గ్రాములు, రెండు పూటలా కలిపి నెలకు 600 గ్రాముల వెన్న లెక్కకు రాకుండా పోతుంది.

మురికి వల్ల తప్పు ఎలా వస్తుంది?

గెర్బర్ పరీక్షలో బ్యూటిరోమీటరులో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు వరుసగా పోస్తారు. పాల పిపెట్టు లోపల జిడ్డు ఉంటే పాలు పూర్తిగా దిగవు. వెన్న తక్కువ చూపుతుంది. బ్యూటిరోమీటరు కాడలో పాత వెన్న మిగిలితే ఎక్కువ చూపుతుంది. ఆ నష్టం సంఘానిది. లాక్టోమీటరు కాడకు పాలు అంటి ఎండితే బరువు పెరిగి లోతుకు మునుగుతుంది. రీడింగు తగ్గి, నిజాయితీగా పోసిన సభ్యునిపై నీళ్ళు కలిపారన్న నింద పడవచ్చు.

కడిగే పద్ధతి

1. పిపెట్టును, లాక్టోమీటరును పని కాగానే మొదట చల్లని నీటితో కడగాలి. ముందే వేడినీరు పోస్తే పాల మాంసకృత్తులు గాజుకు పట్టుకుంటాయి. తరువాత బట్టల సోడా కలిపిన గోరువెచ్చని నీటితో జిడ్డు వదిలించి, మంచినీటితో తొలిచి ఆరనివ్వాలి.

2. బ్యూటిరోమీటర్లను వేడి తగ్గకముందే ఖాళీ చేయాలి. చల్లారితే వెన్న కాడలో గడ్డకడుతుంది. వేడినీటితో రెండుమూడుసార్లు కడిగి, సోడా నీటితో సన్నని బ్రష్షు వేసి తోమి, మళ్ళీ కడిగి, స్టాండులో బోర్లించాలి.

3. బూడిద, ఇసుక, ఇనుప తీగ వాడరాదు. గాజు గీరుకుపోతుంది, గీతలు చెరిగిపోతాయి.

4. పగుళ్ళిచ్చిన రబ్బరు బిరడాలను వెంటనే మార్చాలి. బిరడా ఊడితే ఆమ్లం ముఖాన చిమ్ముతుంది.

ఆమ్లంతో జాగ్రత్త

ఆమ్లాన్ని నోటితో ఎన్నడూ పీల్చరాదు. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు ధరించాలి. బిరడా తీసేటప్పుడు బ్యూటిరోమీటరు మూతిని ముఖానికి, పక్కవారికి దూరంగా తిప్పి ఉంచాలి. ఆమ్లంలో నీరు పోయరాదు. నీటిలోకే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వంచాలి. వాడిన ద్రవాన్ని కాలువలోకి వదలక జాడీలో పట్టి, ప్లాస్టిక్ తొట్టిలోని ఎక్కువ నీటిలో మెల్లగా కలిపి, సున్నంతో ఆమ్లగుణం పోగొట్టిన తరువాతే, బావికీ పశువుల కుడితి తొట్టికీ దూరంగా తవ్విన గుంతలో పోయాలి.

ఒంటిమీద ఆమ్లం పడితే తడిసిన బట్ట తీసివేసి, కనీసం 20 నిమిషాలు ధారగా నీరు పోయాలి. సోడా, సున్నం రుద్దరాదు. కంట్లో పడితే అలాగే కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సెంట్రిఫ్యూజిలో బ్యూటిరోమీటర్లను ఎదురెదురుగా సమతూకంగా అమర్చి, మూత వేసి తిప్పాలి. పూర్తిగా ఆగకుండా మూత తీయరాదు.

ఎలక్ట్రానిక్ యంత్రాలున్న సంఘాలకు

ఇప్పుడు చాలా సంఘాల్లో ఎలక్ట్రానిక్ యంత్రాలు పాలను పరీక్షిస్తున్నాయి. వీటి సన్నని గొట్టంలో పాలు ఎండితే అంకె తప్పుతుంది. పూట ముగియగానే నీటితో నడిపి, తయారీదారులు చెప్పిన ద్రావణంతో కడగాలి. అనుమానం వచ్చినప్పుడు అవే పాలను గెర్బర్ పద్ధతిలో పరీక్షించి సరిచూడాలి. కనుక గాజు పరికరాలను మూలన పడేయరాదు.

ఇది టెస్టరు ఒక్కరి బాధ్యత కాదు. బ్రష్షులు, తొడుగులు, సోడా, వేడినీటి ఏర్పాటు సమకూర్చవలసినది పాలకవర్గం. పరికరాలు శుభ్రంగా ఉన్నాయో లేదో పాలు పోసేటప్పుడు చూసే హక్కు ప్రతి సభ్యునికీ ఉంది. కాడ తేటగా కనిపించకపోతే మర్యాదగా అడగండి, కడిగించి మళ్ళీ పరీక్ష చేయించుకోండి.