పాఠం 7: మొరాయించే చిన్న మోటారు సైకిలు - కిక్ స్టార్ట్ వెనక ఉన్న విజ్ఞానం

7.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- కిక్ కొట్టినప్పుడు ఇంజనులో వరసగా జరిగే మార్పులను వివరించగలుగుతారు.
- చోక్ ఎప్పుడు వేయాలో, ఎప్పుడు తీయాలో కారణంతో సహా చెప్పగలుగుతారు.
- స్టార్ట్ కాని బండిలో లోపం ఎక్కడుందో ఒక క్రమంలో వెతకగలుగుతారు.
- అసలు కిక్ కొట్టకూడని సందర్భాలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

అనకాపల్లి పరిసరాల్లో డిసెంబరు, జనవరి నెలలు చెరకు నరికి బెల్లం వండే రోజులు. రైతులు, పాలవాళ్లు, దూరం వెళ్లే ఉద్యోగులు తెల్లవారకముందే బళ్లు బయటికి తీస్తారు. రాత్రంతా మంచులో ఉన్న మోపెడ్, లేదా 100 సి.సి. మోటారు సైకిలు సరిగ్గా ఆ వేళలోనే మొరాయిస్తుంది. మెకానిక్ షెడ్లు అప్పటికి తెరవరు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. మునగపాక వైపు నుంచి ఒక రైతు అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు బయలుదేరాలి. వేలం వేళకు చేరకపోతే సరుకు నిలిచిపోతుంది. అతను మొదట చోక్ వేయకుండా ఐదు కిక్కులు కొట్టాడు. బండి స్టార్ట్ కాలేదు. తరవాత చోక్ పూర్తిగా వేసి, దాన్ని తీయకుండా మరో పదిహేను కిక్కులు కొట్టాడు. అప్పుడూ స్టార్ట్ కాలేదు. చూడటానికి ఇది ఒకే సమస్య. నిజానికి ఇవి రెండు వేరువేరు సమస్యలు, పైగా ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైనవి. మొదటి ఐదు కిక్కుల్లో ఇంజనుకు పెట్రోలు ఆవిరి చాలలేదు. తరవాతి కిక్కుల్లో పెట్రోలు ఎక్కువైపోయింది. ఈ తేడా ఎలా వస్తుందో, దాన్ని ఎలా గుర్తించాలో ఈ పాఠంలో తెలుసుకొంటారు.

7.2 ఒక్క కిక్కులో జరిగే పనులు

మన రోడ్లమీద తిరిగే చిన్న మోటారు సైకిళ్లలో ఎక్కువ భాగం నాలుగు ఘాతాల ఇంజన్లే. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి.100 ఇంజను 97.2 సి.సి. పరిమాణం గలది. ఇటువంటి ఇంజను చూషణ ఘాతంలో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని లోపలికి పీలుస్తుంది. సంపీడన ఘాతంలో దాన్ని నొక్కుతుంది. ప్లగ్గు నిప్పురవ్వతో మిశ్రమం మండి పని ఘాతం జరుగుతుంది. చివరికి నిష్కాస ఘాతంలో పొగ బయటికి పోతుంది. ఈ నాలుగు ఘాతాలకు క్రాంక్ రెండు చుట్లు తిరగాలి.

నడుస్తున్న ఇంజను తన బలంతోనే తరవాతి ఘాతాలను నడుపుకొంటుంది. ఆగి ఉన్న ఇంజనుకు ఆ మొదటి బలం మీ కాలు ఇవ్వాలి. ఆ ఒక్క తొక్కుడు మూడు పనులు చేయాలి.

(అ) మిశ్రమాన్ని పీల్చడం: ముషలకం కిందికి దిగినప్పుడు సిలిండరులో పీడనం తగ్గుతుంది. గాలి కార్బొరేటర్ గుండా లోపలికి వస్తూ పెట్రోలును తనతో లాగుకొస్తుంది.

(ఆ) మిశ్రమాన్ని నొక్కడం: సంపీడన నిష్పత్తి 9 అనుకొందాం. 97.2 సి.సి. ఇంజనులో ముషలకం పైకి చేరినప్పుడు మిగిలే చోటు 97.2 ÷ 8, అంటే సుమారు 12 సి.సి. మాత్రమే. దాదాపు 109 సి.సి. మిశ్రమం అంత చిన్న చోటికి కుదించుకుపోతుంది. దానితో మిశ్రమం వేడెక్కుతుంది. కిక్ పెడల్ దగ్గర మీ కాలికి తగిలే 'పట్టు' ఇదే.

(ఇ) నిప్పురవ్వ పుట్టించడం: క్రాంక్‌తో పాటు తిరిగే చక్రంలో అయస్కాంతాలు ఉంటాయి. అవి తీగచుట్ట పక్కగా తిరిగినప్పుడు విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం ఇదే. ఈ విద్యుత్తు ఇగ్నిషన్ కాయిల్‌లో పదివేల వోల్టులకు పైగా పెరిగి ప్లగ్గు కొనల మధ్య రవ్వగా దూకుతుంది.

ప్రేరిత విద్యుత్తు అయస్కాంతం కదిలే వేగం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఇటువంటి ఏర్పాటు ఉన్న బండిలో సగం కిక్కు కొడితే రవ్వ బలహీనంగా వస్తుంది, లేదా అసలు రాదు. సగం కిక్కులు పది కొట్టడం కన్నా నిండు కిక్కు ఒకటి కొట్టడం మేలు అనడానికి కారణం ఇది.

7.3 చలి ఉదయం, చోక్

పెట్రోలు ద్రవరూపంలో మండదు. దాని ఆవిరి గాలిలో కలిసినప్పుడే మండుతుంది. ఆ ఆవిరి కూడా ఒక హద్దులో ఉండాలి. గాలిలో పెట్రోలు ఆవిరి ఘనపరిమాణంలో సుమారు 1.4 శాతం కన్నా తక్కువైనా, 7.6 శాతం కన్నా ఎక్కువైనా మిశ్రమం అంటుకోదు.

చల్లగా ఉన్న ఇంజనులో పెట్రోలు బాష్పీభవనం నెమ్మదిగా జరుగుతుంది. కార్బొరేటర్ మామూలుగా ఇచ్చే పెట్రోలులో కొంత చుక్కలుగా గొట్టం గోడలకు అంటుకొంటుంది. మండదగిన ఆవిరి తక్కువ పడుతుంది. నర్సీపట్నం దాటి లంబసింగి వైపు కొండలెక్కితే చలి ఇంకా పెరుగుతుంది కాబట్టి ఈ ఇబ్బందీ పెరుగుతుంది. చోక్ వేస్తే గాలి వచ్చే దారి ఇరుకవుతుంది. గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువ వస్తుంది. అందులో కొంత భాగమే ఆవిరైనా మండటానికి సరిపోతుంది.

అయితే చోక్ వేసి ఉంచి కిక్ కొడుతూ పోతే ప్రతి కిక్కుకూ అదనపు పెట్రోలు లోపల చేరుతుంది. ప్లగ్గు కొనలు తడుస్తాయి. రవ్వ సరిగా దూకదు. మన రైతు విషయంలో జరిగింది ఇదే.

గమనిక: 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరవాత కొత్త బళ్లలో ఎక్కువ భాగానికి కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటోంది. వీటికి చేతితో వేసే చోక్ ఉండదు. తాళం తిప్పి, పెట్రోలు పంపు చప్పుడు ఆగేవరకు రెండు మూడు సెకన్లు ఆగి కిక్ కొట్టాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే పంపు పనిచేయక, కిక్ కొట్టినా స్టార్ట్ కాకపోవచ్చు.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. సగం కిక్కుకు రవ్వ ఎందుకు బలహీనంగా వస్తుంది?
2. చోక్ వేసినప్పుడు తగ్గేది గాలా, పెట్రోలా?

7.4 కిక్ కొట్టే పద్ధతి

1. బండిని మెయిన్ స్టాండు మీద నిలపండి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి.
2. పెట్రోలు కాక్, తాళం, ఇంజను ఆపే స్విచ్ - ఈ మూడూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే కాక్‌ను రిజర్వుకు తిప్పండి.
3. ఇంజను చల్లగా ఉంటే చోక్ వేయండి. ఎక్సలేటరు తిప్పకండి.
4. పెడల్‌ను నెమ్మదిగా నొక్కుతూ గట్టి పట్టు తగిలే చోటు వెతకండి. అది సంపీడన ఘాతం. దాన్ని కొంచెం దాటించి, పెడల్‌ను తిరిగి పైకి రానివ్వండి.
5. ఇప్పుడు శరీరం బరువంతా వేసి పెడల్‌ను చివరిదాకా ఒకే ఊపున తొక్కండి.

నాలుగో మెట్టు వల్ల ప్రయోజనం ఏమిటి? సంపీడనం దాటిన చోట మొదలుపెడితే, మళ్లీ సంపీడనం వచ్చేలోగా క్రాంక్‌కు దాదాపు రెండు చుట్ల దారి దొరుకుతుంది. అది వేగం పుంజుకొని, ఆ ఊపుతోనే పట్టును దాటుతుంది. 100 సి.సి. బండికి ఇది ప్రతిరోజూ అవసరం లేదు. మొరాయించినప్పుడు మాత్రం బాగా పనికివస్తుంది.

ఇంజను అందుకొన్న తరవాత ఒకటి రెండు నిమిషాల్లో చోక్ తీసేయండి. నాలుగైదు నిండు కిక్కులకు అందుకోకపోతే కొట్టడం ఆపి, కారణం వెతకండి.

7.5 కారణం వెతకడం

ఒకేసారి అన్నీ విప్పకుండా, ఒక్కొక్క అనుమానాన్ని తొలగించుకొంటూ పోవాలి. ఇందుకు ప్లగ్గు మంచి సాక్షి. ప్లగ్గు విప్పి దాని కొన చూడండి.

కొన తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే: పెట్రోలు ఎక్కువైంది, లేదా రవ్వ రావడం లేదు. ప్లగ్గును పొడిగుడ్డతో తుడిచి, కొన్ని నిమిషాలు ఆరనిచ్చి, బిగించండి. పెట్రోలు కాక్ ఆపి, చోక్ తీసేసి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టుకొని ఐదారు కిక్కులు కొట్టండి. ఎక్కువగా వచ్చే గాలి అదనపు పెట్రోలును ఊడ్చుకుపోతుంది. ఇంజను అందుకోగానే ఎక్సలేటరు తగ్గించి, కాక్ తెరవండి.

కొన పొడిగా ఉంటే: పెట్రోలు అందడం లేదు. ట్యాంకు, కాక్, పైపు, కార్బొరేటర్ - ఈ వరసలో చూడండి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా పెట్రోలు దిగదు. మూత ఒకసారి తెరిచి చూడండి. నెలల తరబడి వాడని బండి అయితే కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి ఉంటుంది. గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి పాత పెట్రోలును డబ్బాలోకి వంపేయాలి.

కొన నల్లగా మసిపట్టి ఉంటే: శుభ్రం చేసి, కొనల మధ్య ఖాళీ బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినంత ఉందో లేదో చూడాలి.

పెడల్ ఏ పట్టూ లేకుండా తేలిగ్గా దిగిపోతుంటే: సంపీడనం పోయింది. వాల్వులు లేదా రింగుల లోపం కావచ్చు. ఇది మెకానిక్ పని.

7.6 జాగ్రత్తలు

- ప్లగ్గు విప్పినప్పుడు, పెట్రోలు వంపినప్పుడు దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల, దీపం ఉండకూడదు.
- మూసిన గదిలో ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. అది ప్రాణం తీస్తుంది.
- చెప్పులు జారిపోయే కాలితో కిక్ కొట్టకూడదు. పెడల్ ఎదురు తన్నితే మడమకు, మోకాలికి దెబ్బ తగులుతుంది.
- వరద నీటిలో మునిగిన బండిని కిక్ కొట్టకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అటువంటి తుపానులు వచ్చే ఈ ప్రాంతంలో ఈ విషయం అందరికీ తెలిసి ఉండాలి. గాలిలాగా నీరు కుదించుకుపోదు. సిలిండరులో నీరుంటే పైకి వచ్చే ముషలకం దానికి గుద్దుకొని, కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. ముందు ప్లగ్గు విప్పి నీరు తీయించాలి. ఇంజను ఆయిలు, పెట్రోలు మార్పించాలి.

7.7 సారాంశం

బండి స్టార్ట్ కావాలంటే సరైన పాళ్లలో మిశ్రమం, తగిన సంపీడనం, బలమైన నిప్పురవ్వ - ఈ మూడూ కావాలి. నిండు కిక్కు మూడింటికీ తోడ్పడుతుంది. చలిలో చోక్ అవసరం. అదే చోక్ ఎక్కువసేపు ఉంటే అడ్డంకి. నాలుగైదు కిక్కుల తరవాత కాలికి విశ్రాంతి ఇచ్చి, ప్లగ్గును చూసి కారణం తెలుసుకోవాలి. మన రైతు ఆరో కిక్కుకు చోక్ వేసి, తొమ్మిదో కిక్కుకు ఆగి ప్లగ్గు చూసి ఉంటే వేలం వేళకు అందుకొని ఉండేవాడు.

7.8 మీ ప్రగతిని తెలుసుకోండి - జవాబులు
1. అయస్కాంతం నెమ్మదిగా తిరగడం వల్ల ప్రేరిత విద్యుత్తు తగ్గుతుంది.
2. గాలి.

7.9 నమూనా పరీక్షా ప్రశ్నలు
1. చలికాలంలో చిన్న మోటారు సైకిలు స్టార్ట్ కావడానికి ఎందుకు మొరాయిస్తుందో బాష్పీభవనం ఆధారంగా వివరించండి.
2. ప్లగ్గు కొన తడిగా ఉన్నప్పుడు, పొడిగా ఉన్నప్పుడు తీసుకోవలసిన చర్యలను పోల్చి రాయండి.
3. నీటిలో మునిగిన బండిని కిక్ కొట్టకూడదు. ఎందువల్ల?